కొత్తవారి ప్లగ్ సెట్టు: వస్తువు మంచిదే, కరపత్రంలో గంటల లెక్కే తప్పు

మలద్వారంలో ఉంచుకునే ప్లగ్‌లను కొత్తగా వాడాలనుకునేవారి కోసం అమ్మే మూడు సైజుల సిలికోన్ సెట్టు ఒకటి ఆరు నెలలుగా నా దగ్గర ఉంది. ఇంతకాలం వాడాకే దీని గురించి రాయాలని ఆగాను. ఇలాంటి వస్తువులపై మొదటి వారంలో వచ్చే అభిప్రాయాల్లో పెట్టె ఎంత అందంగా ఉందో, పార్సెల్ మీద లోపలి వస్తువు పేరు కనిపించిందో లేదో ఉంటుంది గానీ, శరీరానికి పనికొచ్చే మాట ఒక్కటీ కనిపించదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. వస్తువు బాగుంది, ముఖ్యంగా దాని అడుగుభాగాన్నీ, లావుభాగానికీ అడుగుకూ మధ్య సన్నగా ఉండే మెడనూ ఎవరో ఆలోచించి తీర్చారు. పెట్టెలో పెట్టిన మడత కరపత్రం మాత్రం ‘రోజంతా సౌకర్యంగా ధరించవచ్చు’ అని రాసి, ఆ ఆలోచననంతా నీళ్లపాలు చేసింది.

సెట్టులో చిన్నది గరిష్ఠంగా 25 మిల్లీమీటర్ల వ్యాసంతోనూ, మధ్యది 32తోనూ, పెద్దది 38తోనూ ఉన్నాయి. ఈ కొలతలు పెట్టె మీద అచ్చువేసినవి కావు, నేను స్వయంగా కొలిచినవి. కొన్ని పెట్టెల మీద వ్యాసానికి బదులు చుట్టుకొలత వేస్తారు, ఇంకొన్నింటి మీద మొత్తం పొడవు ఒక్కటే వేసి ఊరుకుంటారు. కొనేవారికి కావలసినవి మూడు కొలతలు: అన్నిటికన్నా లావుగా ఉన్నచోట వ్యాసం, మెడ దగ్గర వ్యాసం, అడుగుభాగం వెడల్పు. చిన్న ప్లగ్ మెడ నా కొలతలో 9 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే చిటికెనవేలి కన్నా సన్నం. మూడింటి అంచుల వెంటా గోరు ఆనించి నెమ్మదిగా గీసి చూశాను. అచ్చుపోసిన వస్తువులకు రెండు సగాలు కలిసేచోట సన్నని గట్టులాంటి అతుకు మిగిలిపోతుంటుంది. ఇందులో పెద్ద ప్లగ్ అడుగున, శరీరానికి తగలని చోట తప్ప ఎక్కడా గోరు ఆగలేదు. చేతికి తెలిసీ తెలియనట్టుండే గట్టు కూడా లోపలి సున్నితమైన పొరను గీరగలదు కాబట్టి, ఏ ప్లగ్ కొన్నా ఈ గోటి పరీక్ష చేయకుండా వాడవద్దని నా సలహా.

అడుగుభాగం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ సెట్టుకు నేను వేసిన మార్కుల్లో సగానికి పైగా దానికే దక్కాయి. మలద్వారం నుంచి లోపలికి వెళ్లే పాయునాళం 3 నుంచి 4 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది, దాన్ని దాటితే 12 నుంచి 15 సెంటీమీటర్ల పురీషనాళం, ఆపైన మీటరున్నర దాకా సాగే పెద్దపేగు. అంటే ఈ దారికి ఎక్కడా అడ్డుగోడ లేదు. యోనిలో లోపలి చివర గర్భాశయ ముఖం అడ్డుగా ఉంటుంది, ఇక్కడ అలాంటిదేమీ లేదు. పైగా మలద్వారాన్ని మూసి ఉంచే పాయు సంవరణి కండరాలు బిగుసుకున్నప్పుడు, వాటిని దాటి లోపలికి పోయిన వస్తువును బయటికి నెట్టవు, లోపలే బంధించి ఉంచుతాయి. అందుకే లోపలికి వెళ్లే లావు కన్నా స్పష్టంగా వెడల్పైన అడుగుభాగం లేని ఏ వస్తువూ, అది కొవ్వొత్తి కానీ సీసా కానీ తీగ వేలాడే చిన్న వైబ్రేటర్ కానీ, ఆ దారికి పనికిరాదు. తీగ పట్టుకుని లాగితే వస్తుందనుకునేవారున్నారు. తీగ తెగుతుంది, వస్తువు రాదు. ఈ రకం వస్తువుల రూపకల్పన, భద్రతల కోసమే 2021లో ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కొనేటప్పుడు దాని ప్రస్తావన కనిపిస్తే మంచిదే, కనిపించకపోతే మన కన్నూ కొలబద్దా ఉండనే ఉన్నాయి.

ఈ సెట్టులో అడుగుభాగం గుండ్రని బిళ్లలా కాక, పడవ లంగరులాగా రెండువైపులా సాగిన సన్నని పట్టీలా ఉంది. పిరుదుల మధ్య చీలిక వెంట నిలువుగా అమరే ఈ ఆకారం, కూర్చున్నప్పుడు ఒరుసుకోదు. ఇంతకుముందు నేను వాడిన గుండ్రని అడుగుభాగం ప్లగ్ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ లోపలికి నెట్టుకుంటూ, పావుగంటకే చర్మం కందేలా చేసేది. వేళ్లతో వంచి చూస్తే ఈ పట్టీ వంగుతుంది గానీ మడతపడి ముడుచుకుపోదు, అదీ ముఖ్యమే; మరీ మెత్తనైన అడుగుభాగం గొడుగులా ముడుచుకుని లోపలికి జారిపోగలదు.

మెరిసే రాయి పొదిగిన ఉక్కు ప్లగ్‌లను చూసి చాలామంది ముచ్చటపడతారు. స్టెయిన్‌లెస్ స్టీలు మంచి పదార్థమే. రంధ్రాలు ఉండవు, మరిగించవచ్చు, ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ వాటిలో చవకరకాలకు రాయి ఉన్న బిళ్ల, లోపలి లావు కన్నా ఏమంత పెద్దగా ఉండదు, జిగురుతో అంటించిన రాయి ఊడితే కింద పదునైన అంచు మిగులుతుంది, బరువు వల్ల నిలబడినప్పుడు కండరాల మీద లాగుడు పడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్నమాట ఇలాంటి వాటికోసమే పుట్టిందేమో. ఇక జెల్లీ పేరుతో అమ్మే మెత్తని రబ్బరు వస్తువులకు సూక్ష్మరంధ్రాలుంటాయి, ఎంత కడిగినా వాటిలో క్రిములు మిగిలిపోతాయి. కొన్నింటిలో మెత్తదనం కోసం థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. పెట్టె తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన, పైన జిడ్డు జిడ్డుగా తడి కనిపిస్తే తిరిగి పంపేయడమే మేలు. ఈ సెట్టుకు వాసన లేదు. మూడు నిమిషాలు మరిగించినా రంగు గానీ ఆకారం గానీ మారలేదు.

దీంతోపాటు నీటి ఆధారిత లూబ్రికెంట్ చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చారు. ఎంపిక సరైనదే, ఎందుకంటే సిలికోన్ ఆధారిత లూబ్రికెంట్ సిలికోన్ వస్తువు ఉపరితలాన్ని చెడగొట్టవచ్చు. నూనె ఆధారితమైనది లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. పురీషనాళంలో దానంతట అదే తగినంత జారుడు తడి ఊరదు కాబట్టి లూబ్రికెంట్ ఇక్కడ విలాసం కాదు, అవసరం. అయితే ప్యాకెట్ మీద మొదటి దినుసులుగా గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ కనిపించడం నాకు నచ్చలేదు. ఇవి ఎక్కువగా ఉన్న లూబ్రికెంట్లు చిక్కటి ద్రావణాల్లా పనిచేసి, లోపలి పొర కణాల నుంచి నీటిని బయటికి లాగేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం లూబ్రికెంట్ ఆస్మొలాలిటీ, అంటే అందులో కరిగిన పదార్థాల గాఢత, కిలోకు 380 మిల్లీ ఆస్మోల్స్ లోపు ఉంటే మంచిది, ఎలా చూసినా 1200 దాటకూడదు. మలద్వారంలో వాడేదానికి పీహెచ్ 5.5 నుంచి 7 మధ్య ఉండాలి. ఆ అంకెలు తమ సీసా మీద ముద్రించే కంపెనీలు ఉన్నాయి, నేను అలాంటిదే వేరుగా కొనుక్కున్నాను. తిమ్మిరెక్కించే మందు కలిపిన లూబ్రికెంట్లను మాత్రం దగ్గరికి రానీయకండి. నొప్పి అనేది అక్కడ మనకున్న ఒకే ఒక్క కాపలాదారు, దానికి మత్తుమందు ఇచ్చి తలుపు తెరవడం తెలివైన పని కాదు.

పైగా ఆ కాపలాదారు కూడా గుమ్మం దగ్గరే ఉంటాడు తప్ప ఇల్లంతా తిరగడు. పాయునాళంలో పళ్ల అంచులా కనిపించే ఒక గీత ఉంటుంది. ఆ గీతకు కింద చర్మం వేలికొనంత సున్నితంగా నొప్పిని పసిగడుతుంది, పైనున్న శ్లేష్మపొరకు మాత్రం సాగినట్టూ నిండినట్టూ తెలుస్తుందే గానీ గీరుకుంటే, కోసుకుంటే సరిగా తెలియదు. ‘నొప్పి లేదు కాబట్టి ఎంతసేపు ఉంచుకున్నా పరవాలేదు’ అన్న వాదన కూలిపోయేది సరిగ్గా ఇక్కడే. కరపత్రం రాసినవారికి ఈ సంగతి తెలియదనుకోవాలో, తెలిసీ రాశారనుకోవాలో నాకు అర్థం కాలేదు.

ఇక గంటల లెక్కకు వస్తాను. మొదట నా సొంత పొరపాటు చెప్పుకోవాలి. కొన్నాక మూడో వారంలో, చిన్న ప్లగ్ అప్పటికే అలవాటైందన్న ధీమాతో, కరపత్రం ఇచ్చిన భరోసాతో, ఒక సెలవురోజు ఉదయం పెట్టుకుని బల్ల ముందు పనిలో మునిగిపోయాను. మొదట్లో ఉండే మలవిసర్జన కావాలన్నట్టు అనిపించే ఒత్తిడి అరగంటకు తగ్గిపోయింది, ఆ తర్వాత అది ఉన్న సంగతే మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి నాలుగు గంటలు దాటింది. తీయబోతే కదలలేదు. లూబ్రికెంట్‌లోని నీరంతా పేగు పీల్చేసుకుంది. నీటిని పీల్చుకోవడమే కదా పెద్దపేగు పని. మిగిలిన జిగురు, సిలికోన్‌నూ శ్లేష్మపొరనూ ఒకదానికొకటి అంటించినట్టు పట్టుకుంది. కంగారులో కొంచెం లాగాను, మంట పుట్టింది. అప్పుడు బుద్ధి వచ్చి, ఎడమవైపు తిరిగి పడుకుని, మెడ చుట్టూ కొత్తగా లూబ్రికెంట్ రాసి, పది నిమిషాలు ఆగి, మెల్లగా ముక్కుతూ ఊపిరి వదిలితే బయటికి వచ్చింది. కాగితం మీద రెండు రక్తపు చుక్కలు. మూడు రోజులు మలవిసర్జన సమయంలో సూదిలా గుచ్చుకుంది, తర్వాత తగ్గింది. మూడు రోజుల్లో తగ్గింది కాబట్టే ఇక్కడ తీరిగ్గా రాయగలుగుతున్నాను.

ఎక్కువసేపు ఉంచుకోవడంలో ప్రమాదం లూబ్రికెంట్ ఎండిపోవడంతో ఆగదు. మంచం పట్టినవారికి పడకపుండ్లు ఎలా వస్తాయో ఆలోచించండి: ఒకేచోట ఎడతెగకుండా ఒత్తిడి పడితే అక్కడి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి, కణజాలానికి రక్తం అందదు. పురీషనాళపు గోడ మీద ప్లగ్ లావుభాగం చేసేదీ అదే. లోపలి పొర పలుచనిది, కాబట్టి గట్టి వస్తువులతోనూ పెద్ద సైజులతోనూ ఈ ఒత్తిడి ప్రభావం త్వరగా కనిపిస్తుంది. దీనికి తోడు సంవరణి కండరాలు రెండున్నాయి. బయటిది మన మాట వింటుంది, లోపలిది వినదు. విశ్రాంతిలో మలద్వారాన్ని మూసి ఉంచే పనిలో ఎక్కువ వాటా ఆ మాట వినని కండరానిదే. మెడ లావుగా ఉంటే అది గంటల తరబడి సాగి ఉండవలసి వస్తుంది. ఈ సెట్టులో 9 మిల్లీమీటర్ల మెడను నేను అంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే, దాని చుట్టూ కండరం దాదాపు మూసుకునే ఉంటుంది. పెద్ద ప్లగ్ మెడ మాత్రం 15 మిల్లీమీటర్లు, కాబట్టి దానికి చిన్నదాని సమయాలు వర్తించవు.

ఆ అనుభవం తర్వాత నేను పెట్టుకున్న లెక్క ఇది. మొదటి రెండు మూడు సార్లు పది పదిహేను నిమిషాలు చాలు, అదీ ఇంట్లో, వేరే పని పెట్టుకోకుండా. ఇబ్బంది లేకుండా గడిచాక తర్వాతి వారాల్లో అరగంట, ఆపైన గంట. ఒకేసారి కాలాన్నీ సైజునూ రెండింటినీ పెంచకూడదు. కొత్త సైజుకు వెళితే మళ్లీ పదిహేను నిమిషాల దగ్గరే మొదలుపెట్టాలి. అలవాటైనవారికి కూడా చాలామంది లైంగిక ఆరోగ్య శిక్షకులు చెప్పే పైహద్దు రెండు మూడు గంటలు, నేను రెండు దగ్గరే గీత గీసుకున్నాను. గంటకోసారి తీసి, చూసి, మళ్లీ లూబ్రికెంట్ రాసుకుంటాను. ఫోనులో టైమర్ పెట్టకుండా మొదలుపెట్టను, ఎందుకంటే శరీరం మరిచిపోతుందని నాకు నా శరీరమే నేర్పింది. ఒకరోజు వాడితే మరుసటి రోజు విరామం. పడుకునేటప్పుడు ఉంచుకోవడం మాత్రం ఎంత అలవాటున్నా తప్పే, నిద్రలో కదిలినప్పుడు అడుగుభాగం పక్కకు తిరిగినా, రక్తప్రసరణ తగ్గినా, మేలుకుని సర్దుకునేవారు ఉండరు. మద్యం తాగినప్పుడూ అంతే. గడువు పూర్తికాకపోయినా తీసేయవలసిన గుర్తులున్నాయి: గుచ్చుకునే నొప్పి, మంట, తిమ్మిరి, కడుపులో మెలిపెట్టినట్టు ఉండటం, కళ్లు తిరగడం. ఆ ప్రాంతంలోని నరాల ప్రేరణ వల్ల గుండెవేగం, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పేవారూ ఉంటారు కాబట్టి, కళ్లు తిరగడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

లోపలికి పంపే పద్ధతి గురించి కరపత్రం ఒకే వాక్యంలో తేల్చేసింది. నిజానికి అక్కడి దారి తిన్నగా ఉండదు. పాయునాళం బొడ్డు వైపుగా వాలి ఉంటుంది, దాన్ని దాటాక పురీషనాళం వెన్ను కిందిభాగం వైపు వంగుతుంది. ఆ వంపును పట్టి ఉంచే కండరం మనం వదులుగా ఉన్నప్పుడే సడలుతుంది. అందువల్ల ముందు గోరు కత్తిరించిన వేలితో, చేతితొడుగు ఉంటే మరీ మంచిది, కొంతసేపు అలవాటు చేసి, ఊపిరి వదులుతూ కాస్త ముక్కినట్టు చేస్తే కండరం తెరుచుకుంటుంది. తోయడం కన్నా ఆనించి ఆగడం మేలు. ముందుగా మలవిసర్జన చేసి గోరువెచ్చని నీటితో బయట కడుక్కుంటే సరిపోతుంది. లోపల నీరు ఎక్కించి కడుక్కోవాలన్న నియమమేమీ లేదు, కావాలనుకుంటే చిన్న బల్బుతో మామూలు గోరువెచ్చని నీరు మాత్రమే. సబ్బు కలిపిన నీరు పనికిరాదు, తరచుగా చేస్తే లోపలి పొరే చికాకుపడుతుంది.

ప్రచార బొమ్మలో ఈ ప్లగ్‌తో వ్యాయామం చేస్తున్నట్టు చూపించారు. బరువులెత్తేటప్పుడూ, సైకిలు తొక్కేటప్పుడూ వద్దు. ఇంకో హెచ్చరిక, దీని మీద ఎక్కడా లేదు గానీ ఉండాలి: పైకి సిలికోన్‌లా కనిపించే కొన్ని ప్లగ్‌ల లోపల లోహపు గుండో కడ్డీయో ఉంటుంది, కాబట్టి ఎమ్మారై స్కానింగ్‌కు వెళ్లేముందు తప్పకుండా తీసేయాలి. ఆ యంత్రపు అయస్కాంతం లోహాన్ని లాగినప్పుడు జరిగే గాయం చిన్నది కాదు.

శుభ్రం చేయడం ఈ సెట్టుతో సులువు. గోరువెచ్చని నీరు, ఘాటులేని సబ్బు, ఆపైన వారానికోసారి మరుగునీటిలో కొన్ని నిమిషాలు. మోటారున్న వస్తువులను మాత్రం మరిగించకూడదు. పూర్తిగా ఆరాకే ఇచ్చిన గుడ్డసంచిలో పెట్టాలి. తడిగా మూసిపెడితే ఆ సంచే సమస్య అవుతుంది. ఇద్దరు వాడుతుంటే ప్లగ్‌కు తొడిగిన కండోమ్‌ను మధ్యలో మార్చాలి, లేదా వేర్వేరు ప్లగ్‌లు ఉంచుకోవాలి. మలద్వారంలో వాడినదాన్ని కడగకుండా యోని దగ్గరికి తీసుకువెళితే పేగుల్లోని బ్యాక్టీరియా మూత్రనాళానికి చేరి ఇన్ఫెక్షన్ తెస్తుంది.

మొలలు ఉబ్బి ఉన్నవారు, మలద్వారంలో చీలిక ఉన్నవారు, పేగుల్లో వాపు జబ్బులున్నవారు, ఆ ప్రాంతంలో ఈమధ్య శస్త్రచికిత్స అయినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భవతులు డాక్టరును అడగకుండా ఈ సెట్టు కొనవద్దు. మధుమేహం వల్ల స్పర్శజ్ఞానం తగ్గినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వాడాక రక్తం ఆగకుండా వస్తున్నా, జ్వరం వచ్చినా, కడుపు గట్టిపడి తీవ్రంగా నొప్పి పుట్టినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి, పేగుకు రంధ్రం పడితే కనిపించే లక్షణాలవి. ఏ వస్తువైనా లోపలికి జారిపోయినప్పుడు సిగ్గుపడి ఇంట్లో పటకార్లతో తీయబోవడం, విరేచనాల మాత్రలు మింగడం అసలు ప్రమాదం కన్నా పెద్ద ప్రమాదం. డాక్టర్లు ఇలాంటివి చూస్తూనే ఉంటారు, వారికి కావలసింది వస్తువు ఆకారం, పరిమాణం, ఎంతసేపయింది అన్న వివరాలే తప్ప ఎందుకన్న కథ కాదు.

మొత్తం అయిదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. చిన్న ప్లగ్, మధ్య ప్లగ్ నిస్సందేహంగా కొనదగ్గవి. పెద్దదాన్ని ఆరు నెలల్లో రెండుసార్లే, ఇరవై నిమిషాల చొప్పున వాడాను, దాని మెడ ఇంకో నాలుగు మిల్లీమీటర్లు సన్నగా ఉండి ఉంటే బాగుండేది. తగ్గించిన మార్కు కరపత్రానిది. ‘రోజంతా’ అన్న మాటను తీసేయమని తయారీదారుకు రాశాను, పరిశీలిస్తామని జవాబు వచ్చింది. నా పెట్టెలోని కరపత్రం మీద మాత్రం ఆ మాటను పెన్నుతో కొట్టేసి, పక్కన ‘రెండు గంటలు’ అని రాసి, మళ్లీ మడిచి సంచిలోనే పెట్టాను.